ఎవరి దొడ్ల కట్టేస్తరు

ఫిబ్రవరి 4, మంగళవారం

తెల్లారంగ మంచు. వాకిట్ల ముగ్గేస్తుంటే నా చెయ్యి నాకే కనవడలె. ఏడున్నరకు పన్నెండు మంది ఆడోళ్లు ఒక్కొక్కరే మంచులకెళ్లి వచ్చి చాపల మీద కూసున్నరు, చప్పుడు లేకుంట, పైలోకం నుంచి దిగినట్టు. వారం వాయిదా వసూలుకు అప్పుల కంపెనీ అన్వేష్ సార్ బండి మీద వచ్చిండు. అందరం లేచి నిలవడి ప్రతిజ్ఞ చేసినం. తీసుకున్న అప్పు దేవుని సాక్షిగా వాయిదా తప్పకుంట కడుతం, మాలో ఒకరు కట్టకపోతే మిగిలినోళ్లం కడుతం.

తర్వాత నా ఐదు నిమిషాలు. వారం వారం అదే మాట, అయినా నోట్లకు కొత్తగనే వస్తది. "అమ్మలారా! తీర్చని బాకీ చితిల కాలదు! నిప్పు కండను కాలుస్తది, ఎముకను కాలుస్తది, బాకీని ముట్టనన్న ముట్టది! బాకీతోని పోయినోడు ఇచ్చినోని దొడ్ల ఎద్దై పుట్టాలె, కాడి మోసి తీర్చాలె!" చెప్పేటప్పుడు ఆ గొంతు నాది గాదు. భజన షెడ్డు గ్రంథం ఒళ్ల ఉంటది, తెరవను, చెయ్యి ఆనిస్త, అంతే.

అందరు కట్టిండ్రు. రాధమ్మ సుత కట్టింది. ఆమె పెనిమిటి యాదగిరి కొంపల్లిల సెంట్రింగ్ కర్రల మీదికెళ్లి పడి పానం పోయి మూడు నెల్లు కావొచ్చె, అయినా ఒక్క వారం తప్పలె. ఏడు వందల ఎనభై చేతుల పెట్టి, నా దిక్కు చూసి తలూపింది.

"అమ్మా, మేడ్చల్ బ్రాంచిల నూటికి నూరు వసూలైతున్న సెంటర్ మీదొక్కటే" అన్నడు అన్వేష్ సార్.

నాదేముంది సార్, అంతా స్వామిది అన్న.

ఫిబ్రవరి 5

పగటీలి కన్నంటుకుంది. శామీర్‌పేట చెర్వు మీద మంచు, ఆ మంచుల ఎద్దులు మోకాళ్ల లోతున నడుస్తున్నయ్. ఒకటి ఆగి వెనక్కి తిరిగి చూసింది. ఆ కండ్లు ఎక్కడ్నో చూసినయే.

ఫిబ్రవరి 8, ఏకాదశి

భజన షెడ్డు నిండింది. బయట చెప్పుల నడుమ సుత కూసున్నరు. నేను రాత్రిబడిల అ ఆలు నేర్చుకున్నదాన్ని, గౌడవెల్లిల నా మాటకు ఇంత మంది వస్తరని ఎవరనుకున్నరు?

ఇయ్యాల రాధమ్మను చూపించి చెప్పిన. "మొగడు పోతే ఇన్సూరెన్స్ ఉంటది, బాకీ మాఫ్ అని కంపెనోళ్లే కాయితం చేతుల పెట్టిండ్రు. ఈ తల్లి ఏమన్నది? వద్దన్నది! నా పెనిమిటి బాకీ పరాయి పైసలతోని తీరితే అది తీరినట్టా? నా రెక్కలతోని తీరుస్త అన్నది!" జనం చేతులు జోడించిండ్రు. రాధమ్మ తల ఎత్తలె.

వద్దన్నది నేను. నవంబర్ల ఆమె ఆ కాయితం పట్టుకొని "అక్కా, ఏం జెయ్యాలె?" అని వస్తే నేను చెప్పిన. గని చెప్తే విన్నది ఆమెనే గద. రెండూ ఒకటే.

బువ్వ తినే కాడ మా ఆయన అన్నడు. "గా ఇన్సూరెన్స్ పైసలు అప్పు ఇచ్చిన నాడే కోసుకుంటరు గద? మరి పరాయియెట్లయితయ్? రాధమ్మయే."

దాణా ఫ్యాక్టరీల మూటలు మోసే మనిషికి ధర్మసూక్ష్మం ఏం తెలుస్తది.

ఫిబ్రవరి 13, గురువారం

కంపెనీ పిలిస్తే మేడ్చల్ పోయిన. టైర్ల దుకానం మీద రెండో అంతస్తు. తలుపులు మూసి, పరదాలు గుంజి, మిషన్‌తోని గోడ మీద బొమ్మ వేసిండ్రు. ఆ చీకట్ల ఫ్యాను గాలికి గోడ కదిలినట్టు, ఊపిరి తీస్తున్నట్టు ఉన్నది.

మేనేజర్ కుమార్ సార్ కట్టె పట్టుకొని చూపించిండు. పోయినేడు నూరు రూపాయలు ఇస్తే ఒక్క రూపాయి మొండికేసేదట, ఇప్పుడు ఆరు మొండికేస్తున్నయట. కంపెనీకి మూడు నెల్ల సంది నష్టమట. ఒక ఎర్ర గీత గుట్ట ఎక్కినట్టు ఎక్కుతున్నది. "మార్చి ముప్పై ఒకటి లోపల గిది దిగాలె. లేకుంటే పైనోళ్లు బ్రాంచి మూస్తరు, నేను సుత ఇంటికే" అన్నడు. నవ్వుకుంటనే అన్నడు గని మెడ మీద చెమట.

తర్వాత సెంటర్లన్ని గడులు గడులుగా వచ్చినయ్. ఎర్రని చేన్ల నడుమ ఒక్కటే పచ్చని మడి. దాని మీద కట్టె ఆనిచ్చి "లక్ష్మీకాంతమ్మ సెంటర్" అన్నడు. అందరు చప్పట్లు కొట్టిండ్రు. ఆ పచ్చదనం నా కండ్ల నిండ పరుచుకున్నది. బస్సెక్కినంక సుత పోలె.

"అమ్మా, గా ఐదు నిమిషాలు ఇంకో పది సెంటర్లల్ల చెప్తరా? కారు పంపుత."

"నేను పైసలకు చెప్పను సార్."

"పైసలేందమ్మా, దారి ఖర్చులు."

దేవుని పని.

ఫిబ్రవరి 18

సెంటర్ కాంగనే కారు వచ్చింది. అత్వెల్లి. అందరి కండ్లల్ల నీళ్లు. దారి ఖర్చులు, ఒక చీర.

ఫిబ్రవరి 20

పేట్ బషీరాబాద్, రెండు సెంటర్లు. సెంటరుకు మూడు వందలు. షెడ్డుకు నూనె, పూలు వస్తయ్. నాకెందుకు.

ఫిబ్రవరి 27, గురువారం

శామీర్‌పేట. చెర్వుకు దగ్గర్ల ఒక రేకుల ఇల్లు, ముప్పై మంది. గాలికి రేకులు గునుగుతున్నయ్. మంచిగ చెప్పిన. ఎద్దు దగ్గరికి రాంగనే, కరీంనగర్ రోడ్డు మీద మక్కకంకులు కాల్చి అమ్మే ఆమె చెయ్యెత్తింది. చేతివేళ్లు మసి.

"ఒక్కటి అడుగుత అమ్మా. ఎద్దై పుడుత, సరే. షావుకారికైతే ఇల్లున్నది, దొడ్డున్నది. కంపెనీకేమున్నది? నన్ను ఎవరి దొడ్ల కట్టేస్తరు?"

అందరు గొల్లున నవ్విండ్రు.

"మేడ్చల్ ఆఫీసు మెట్ల కింద కడతరే! కుడితి మేనేజర్ సారు పోస్తడు."

"మరి పెండ ఎవరు తీస్తరే?"

"గీ సారే!" అని అన్వేష్ సార్‌ను చూపించిండ్రు. ఆయన సుత నవ్విండు. నేను నవ్వలె. "స్వామికి తెలుసు" అన్న. గట్టిగనే అన్న.

కారుల అడిగిన. "సార్, కంపెనీ ఎవరిది?"

"ఒక్కరిది కాదమ్మా, వాటాలున్నోళ్లది. బొంబాయిల కొందరు, బయటి దేశంల కొందరు. అయినా మీ సెంటర్ బాకీలు మనయి గావు ఇప్పుడు. జనవరిలనే బ్యాంకుకు అమ్మినం. వసూలు చేసి పంపుడే మన పని."

"బాకీని అమ్ముతరా?"

"గొర్లను అమ్మినట్టే అమ్మా. మందగ."

"మరి రాధమ్మ ఎవరికి బాకీ?"

ఆయన ఫోన్ చూసుకుంటున్నడు. జింకల పార్కు కంచె వెంట ఎండ మా కారుతోని ఉరుకుతున్నది. ఆగినకాడ ఆగుతున్నది, ఉరికినకాడ ఉరుకుతున్నది.

మార్చి 1

కలల పెద్ద అద్దాల ఆఫీసు. బయట ఎద్దులు వరుస కట్టినయ్, ముక్కుతాళ్లు వేలాడుతున్నయ్. అందుకునే చెయ్యి లేదు. లోపల చల్లటి గాలి. ఎవరు లేరు.

మార్చి 6, గురువారం

రాధమ్మ బిడ్డ ఆమని వచ్చింది. మేడ్చల్‌ల నర్సింగ్ చదువుతున్నది, రెండో ఏడు. తెల్ల కోటు మడిచి చేతుల పట్టుకున్నది. కూసోమంటే కూసోలె.

"పెద్దమ్మా, మా అమ్మ ఎన్ని కంపెనీలల్ల తీసుకున్నదో నీకెరికేనా?"

"మన కంపెనీ ఒక్కటే గద."

"మూడు. నీ కాడ మంగళారం కడతది, గురువారం ఇంకోటి, శనివారం ఇంకోటి. దీంట్ల కట్టనీకి దాంట్ల తీసుకున్నది, దాంట్ల కట్టనీకి ఇంకోదాంట్ల. మొత్తం డెబ్బై వేలు. నూటికి నూరు అని మీరు చప్పట్లు కొడతరంట గద. గా నూరు ఎట్లొస్తుందో ఒక్కనాడన్న అడిగినవా?"

"స్వామి చూసుకుంటడు బిడ్డా."

"స్వామి కాదు, బ్రోకర్ చూసుకుంటుండు. ఎనభై గజాల జాగ బేరం అయింది. ఇరవై వేలు బయానా తీసుకున్నది. ఇరవై ఏడు తారీకు రిజిస్ట్రేషన్. గది మా బాపు ముప్పై ఏండ్లు సెంట్రింగ్ జేసి కొన్న జాగ. గుడిసె సుత గండ్లనే ఉన్నది. అమ్ముకొని యాడుంటం?"

"బాకీ తీరుతది గద..."

"గదే మాట మా అమ్మ అంటది. అచ్చం నీ గొంతుతోనే అంటది."

పోయింది. ఆమె తాగని చాయ్ మీద మీగడ కట్టింది.

మార్చి 7

జాగ మట్టి. బాకీ జన్మ జన్మలది. నేను చెప్పింది ధర్మమే.

మార్చి 8

ధర్మమే.

మార్చి 10, ఏకాదశి

జ్వరమని చెప్పి పంపిన. షెడ్డుకు పోలె. జ్వరం లేదు.

మార్చి 14, శుక్రవారం

మూడు దినాలు గ్రంథం మొదటి పేజీ నుంచి చదివిన. ఎద్దును వెతికిన. ఎక్కడున్నది, బాకీతోని చచ్చినోడు ఎద్దై పుడతడని? వేలు పెట్టి పంక్తి పంక్తి చూసిన. అడవులు వచ్చినయ్, ఏర్లు వచ్చినయ్, ఏనుగులు, హంసలు, చేపలు వచ్చినయ్. మధ్యల మధ్యల నిద్ర పట్టి అక్షరాలు నీళ్లల్ల చేప పిల్లల్లెక్క చెదిరిపోయినయ్. ఎద్దు రాలె. నా దగ్గరున్న గ్రంథంల ఆ మాట లేదు.

మరి నాకు ఎవరు చెప్పిండ్రు? మా అవ్వ. షావుకారి ఇంట్ల పెండ తీసుకుంట చెప్పింది. ఆమెకు ఆ షావుకారే చెప్పిండట.

ఇరవై ఏండ్ల సంది ఆ మాట మీద చెయ్యి ఆనిచ్చి గ్రంథంల ఉన్నది అంటున్న. చదవకముందు నుంచే అంటున్న.

మూడు వందల పన్నెండో పేజీల రాధమ్మ కాయితం ఉన్నది. ఇన్సూరెన్స్ ది. నాలుగు మడతలు. పోయిందనుకున్న. పోయిందని నాకు నేనే చెప్పుకున్న. తొంభై రోజుల లోపల ఇయ్యాలె అని కింద చిన్న అక్షరాలల్ల ఉన్నది. యాదగిరి పోయింది నవంబర్ తొమ్మిదిన. లెక్క పెట్టిన. గడువు ఫిబ్రవరి ఏడున అయిపోయింది.

ఎనిమిదిన నేను షెడ్డుల ఆమెను నిలవెట్టి మెచ్చుకున్న.

మార్చి 18, మంగళవారం

అందరు పోయినంక అన్వేష్ సార్‌ను ఆపిన. కాయితం చూపించిన. ఆయన మొకం తెల్లబడ్డది. "గిది మీ కాడున్నదా? వద్దన్నదని రాసుకున్న నేను." నన్ను బండి ఎక్కించుకొని మేడ్చల్ తీసుకపోయిండు.

కుమార్ సార్ కాయితం దిక్కు చూడలె, కిటికీ దిక్కు చూసిండు. "గడువు దాటినా దారున్నదమ్మా. ఎందుకు ఆలస్యమైందో ఉత్తరం రాసి పెడితే పైన ఆలోచిస్తరు. అయితే పోయిన నాటి బాకీ నలభై ఒక్క వేలు పోతది, తర్వాత కట్టినయ్ వాపస్ వస్తయ్."

"మరి రాయిపియ్యండి సార్. ఇరవై ఏడుకు ఆమె జాగ పోతది."

"మార్చి దాటనియ్యండి. గీ నెలల ఒక్క గడి ఎర్రగైనా నా నౌకరి ఉండది. ఏప్రిల్ల నేనే రాయిపిస్త. అవగాహన లేక ఆలస్యమైంది అని. అందరికి గదే రాస్తం."

"అవగాహన లేక కాదు సార్. నేను ఆపిన."

"గట్ల రాస్తరా?" అని కుర్సీ దగ్గరికి జరుపుకున్నడు. గొంతు మెత్తగయింది. "రాస్తే పైనోళ్లు అడుగుతరు, ఎవరీ లక్ష్మీకాంతమ్మ అని. పది సెంటర్లు తిరిగింది, మూడేసి వందలు తీసుకున్నది అని తెలుస్తది. నాకు నోటీసు వస్తది. మీ ఊర్ల మీ మొకం ఏమైతది? మీరు అమ్మ. అమ్మ లెక్కనే ఉండండి."

ఆ మాట తియ్యగ ఉన్నది. బస్సుల అంత దూరం నోట్ల పెట్టుకొని వచ్చిన.

మార్చి 19

పది సెంటర్లు కాదు, తొమ్మిది.

మార్చి 25, మంగళవారం. ఏకాదశి

ప్రతిజ్ఞ చేసినం. రాధమ్మ కట్టింది. "ఎల్లుండితోని అంతా తీరుతది అక్కా" అన్నది, మొకంల ఏదో వెలుగు. పెండ్లి కుదిరిన పిల్ల లెక్క. చెప్పాలని నోరు తెరిచిన. "ఎండలు ముదిరినయ్" అన్న.

సాయంత్రం మా ఆయనకు అంతా చెప్పిన. గిట్లాంటిదానికి ఆయన ఏదో ఒకటి అంటడని చూసిన. ఆయన లేచిండు. లోపలికి పోయి, నా బంగారు గుండ్ల పేరు దాచిన డబ్బా తెచ్చి నా ముందట పెట్టిండు.

"బయానా వాపస్ ఇయ్యాలె గద. ఇరవై వేలు" అన్నడు. "నీ తమ్ముని అడుగుతవో, తాకట్టుకు పోతవో నీ ఇష్టం. నాకు రేపు పొద్దు షిఫ్టు."

మార్చి 27, గురువారం

రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందట వేపచెట్టుకు పూత రాలుతున్నది. గుండ్ల పేరు తాకట్టు పెట్టి తెచ్చిన ఇరవై వేలు కొంగుల కట్టుకొని పోయిన. రాధమ్మ ఇస్త్రీ చీర కట్టుకొని, ఆధార్ కవర్ల పెట్టుకొని బెంచీ మీద కూసున్నది. పూత ఆమె జుట్టు మీద, భుజాల మీద పడ్డది, దులుపుకోలె. ఆమని పక్కకు నిలవడ్డది. బ్రోకర్ లోపల టోకెన్ కోసం పోయిండు.

చెప్పిన. అంతా చెప్పిన. గ్రంథంల లేదని చెప్పిన. షావుకారు మా అవ్వకు చెప్పిండని చెప్పిన. కాయితం మూడు వందల పన్నెండో పేజీల ఉన్నదని, బాకీ నవంబర్లనే పోయేదని, నేనే ఆపిననని. ఇంత చిన్న గొంతుతోని నేను ఎప్పుడు మాట్లాడలె.

రాధమ్మ ఆధార్ కవర్ దిక్కు చూసింది.

"అక్కా" అన్నది. "నాలుగు నెల్ల సంది ఎక్కడ కోడెలేగ పుట్టిందంటే అక్కడికి పోయిన. నీకెరికేనా? నూతన్‌కల్ దాకా నడిచిపోయిన ఒకనాడు. పొద్దున్నే పుట్టింది, ఇంకా తడి ఆరలె. నుదుట మచ్చ. యాదగిరికి సుత నుదుట గాటు ఉండె గద, కర్ర తాకి. దాని పక్కకు కూసొని, బాకీ కడుతున్న, జల్దీ ఇడిపిస్త, బుగులు పడకు అని చెప్పిన. నా ఒళ్లంత నాకింది అది. ఇంటికి పోయి స్నానం చెయ్యలె రెండు రోజులు."

ఆమని మొకం తిప్పుకున్నది.

"ఇప్పుడు గది ఒట్టి లేగనే అంటవా?"

కాయితం మడతలు విప్పిన. ఆమె ఒళ్ల పెట్టిన.

"ఆ రోజు చెప్పింది నువ్వే, ఇయ్యాల చెప్తుంది నువ్వే. ఏది నమ్మాలె నేను?"

"నన్ను నమ్మకు రాధమ్మా. కాయితాన్ని నమ్ము. చదువుకున్నది గద ఆమని, చదివించుకో."

ఆమని చదివింది. మెల్లగ, ఒక్కొక్క అక్షరం, చిన్న అక్షరాలతోని సహా. వేపపూత కాయితం మీద పడితే ఊదుకుంట చదివింది. బ్రోకర్ వచ్చి "నంబర్ వచ్చింది, లెవ్వు లెవ్వు" అన్నడు. రాధమ్మ లెవ్వలె. వాడు అరిచిండు, నన్ను జూసి "గీ ముసల్దెవతె?" అన్నడు. కొంగు విప్పి పైసలు ఇచ్చిన. రెండుమాట్లు లెక్కపెట్టుకొని బూతులు తిట్టుకుంట పోయిండు.

రాధమ్మ నా మీద ఉమ్మలె, కొట్టలె. లేచి బిడ్డ చెయ్యి పట్టుకొని పోయింది. పూత దులుపుకోలె అప్పుడు సుత.

మార్చి 28

ఆలస్యానికి కారణం: రాధమ్మకు ఈ ఇన్సూరెన్స్ సంగతి తెలుసు. అడగడానికి నా దగ్గరికి వచ్చింది. దేవుని పేరు చెప్పి నేను వద్దన్న. కాయితం నా దగ్గరనే పెట్టుకున్న. తర్వాత ఇదే మాట కంపెనీ కారుల తొమ్మిది సెంటర్లకు పోయి చెప్పిన, సెంటరుకు మూడు వందలు తీసుకున్న. ఆమె తప్పు లేదు. ఇట్లు, లక్ష్మీకాంతమ్మ, గౌడవెల్లి.

నాలుగుమాట్లు రాస్తే ఇంత వచ్చింది. మేడ్చల్ పోతే కుమార్ సార్ తీసుకోలె. అన్వేష్ సార్ మెట్ల మీదికి వచ్చి, "ఇటివ్వండమ్మా, రిజిస్టర్ పోస్టుల హెడ్డాఫీసుకు నేను పంపుత. నాకు సుత బిడ్డున్నది" అన్నడు.

ఏప్రిల్ 1, మంగళవారం

సెంటర్ నా ఇంట్లకెళ్లి తీసేసిండ్రు. ఏడున్నరకు వాకిట్ల ఎవరు రాలె. ముగ్గు తొక్కేటోళ్లు లేక పగటీలి దాకా అట్లనే ఉన్నది.

ముప్పై ఒకటికి ఎర్ర గీత దిగి బ్రాంచి పచ్చగ తేలిందట.

ఏప్రిల్ 8, ఏకాదశి

షెడ్డుల నిలవడి చెప్పిన. నేను చెప్పిన ఎద్దు గ్రంథంల లేదు, చదవకుంటనే చెప్పిన అన్న. కొందరు లేచిపోయిండ్రు. ఒక ముసలాయన అడిగిండు, "మరి ఇన్నేండ్లు నేను కట్టిన బాకీలు?" అని.  నేను మాట్లాడుతుంటే నా గొంతు నాదే. పలచగ, కొద్దిగ బొంగురు.

ఏప్రిల్ 29

హెడ్డాఫీసు నుంచి ఇద్దరు వచ్చి అడిగిపోయిండ్రు. కుమార్ సార్‌ను నిజామాబాద్ దిక్కు పంపిండ్రట.

మే 20, మంగళవారం

రాధమ్మ బాకీ మాఫ్ అయిందని అన్వేష్ సార్ ఫోన్ చేసిండు. యాదగిరి పేరున్న బాకీ. తర్వాత కట్టినయ్ వాపస్ వచ్చినయ్. జాగ జాగనే ఉన్నది. మిగిలిన రెండు కంపెనీలు ఉన్నయ్, గురువారం, శనివారం. శనివారంది నేను కడత అని ఆమనితోని చెప్పి పంపిన. రాధమ్మ అవునన్లె, కాదన్లె.

జూన్ 3

మేడ్చల్ ప్యాకింగ్ కంపెనీల పనికి కుదిరిన. బిస్కెట్ల అట్టపెట్టెలు మడిచే పని. రోజు నాలుగు వందలు. రాధమ్మ సుత గండ్లనే. ఒకటే ఆటోల పోతం. ఆమె పక్క సీటు ఖాళీనే ఉంటది, గని దాని మీద టిఫిన్ గిన్నె పెడతది. నేను డ్రైవర్ పక్కన ఇనుప కడ్డీ మీద కూసుంట.

జూన్ 11

కడ్డీ మీదనే.

జూన్ 24, మంగళవారం

రాత్రి వాన పడ్డది. పొద్దుగాల రోడ్డు మీద నీళ్లు నిలిచి, చేన్లు, ఫ్యాక్టరీ గోడలు, కరెంటు తీగలు అన్ని కింద తలకిందులుగ ఉన్నయ్. ఆటో ఆకాశం మీద పోయినట్టు పోయింది. కడ్డీ తడిసింది, నేను నిలవడ్డ. రాధమ్మ చూసింది. గిన్నె తీసి ఒళ్ల పెట్టుకున్నది.

కూసున్న. మేడ్చల్ దాకా గిన్నెల ఉల్లికారం వాసన.

దిగినంక ముందట నడుచుకుంట, వెనక్కి తిరగకుంటనే అన్నది, "రేపు జల్దీ రా. ఆటో ఆగది."